లద్దాఖ్ చలికి ‘మిలిటరీ గ్రేడ్’ ఫోను ఆగుతుందా?

కొండదారి: జనవరిలో నలుగురం జంస్కార్ చాదర్ ట్రెక్‌కి, అంటే గడ్డకట్టిన నది మీద నడకకి, వెళ్తున్నాం. రాత్రిళ్లు మైనస్ 25 దాకా పడిపోతుందట. డబ్బా మీద ఐపీ 68, మిల్-స్టాండర్డ్ 810 అని రాసున్న ఫోను, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు, హెడ్‌ల్యాంపులు ఉన్నాయి. చాలా? సైన్యంలో చేసినవాళ్లెవరైనా చెప్పండి.

మాజీ సిగ్నల్స్: ఐపీ 68 అంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోవని మాత్రమే. చలి సంగతి అందులో లేదు తమ్ముడూ. 810 అమెరికా సైన్యం రాసుకున్న పరీక్షల పుస్తకం. అందులో ఏవి చేయించాలో కంపెనీ ఇష్టం. మెథడ్ 502, అంటే చలి పరీక్ష, ఎన్ని డిగ్రీల దగ్గర చేశారో చూడు. అది రాయకపోతే ఆ ముద్రను నమ్మొద్దు.

అసలు గొడవ బ్యాటరీతో. చలికి లోపలి ద్రవం చిక్కబడి, వోల్టేజి పడిపోయి, 40 శాతం చూపిస్తూనే ఫోను ఆరిపోతుంది. ఛార్జి ఎక్కడికీ పోదు, ఒంటి వేడికి మళ్లీ వస్తుంది. పగలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకో. సున్నా కంటే కింద మాత్రం ఛార్జింగ్ పెట్టొద్దు: లిథియం లోహంగా పేరుకుని సెల్లు శాశ్వతంగా దెబ్బతింటుంది, లోపల షార్టయ్యే ప్రమాదమూ ఉంది. పవర్ బ్యాంకుకీ ఇదే లెక్క.

హెడ్‌ల్యాంపులో ఆల్కలైన్ సెల్లు వద్దు. ఒక్కసారి వాడి పారేసే లిథియం సెల్లు మైనస్ 40 దాకా పనిచేస్తాయి. మీ ల్యాంపు వాటిని ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

కొండదారి: థాంక్స్ అన్నా. టెంటులో చిన్న గ్యాస్ స్టవ్ వెలిగిస్తే అన్నీ వెచ్చబడతాయి కదా?

మంచుబాట: టెంటులో స్టవ్ వద్దే వద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, వికారం వస్తే ఎత్తైన చోటు ఒంటికి పడలేదనుకుని పడుకుంటారు, ఇక లేవరు. పైగా ఉత్త బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. బయట వండుకోవడానికి ప్రొపేన్ కలిసిన డబ్బా గానీ, కిరోసిన్ స్టవ్ గానీ తీసుకెళ్లండి.

కెమెరాని వెచ్చటి చోటికి తెచ్చేముందు, బయటే జిప్ కవర్లో గాలి లేకుండా మూసేయండి. గంటో రెండు గంటలో ఆగి తీస్తే చెమ్మ కవరు మీదే పడుతుంది, లెన్సులోకి పోదు.

మాజీ సిగ్నల్స్: ఇంకొకటి. శాటిలైట్ ఫోను వెంట తీసుకెళ్లొద్దు, అనుమతి లేకుండా వాడితే మన దేశంలో కేసవుతుంది. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర గడ్డకట్టదు.