మార్విన్ గే రికార్డు: 33 స్పీడా, 45 స్పీడా?

అందరికీ నమస్కారం. అమెరికన్ సోల్ గాయకుడు మార్విన్ గే 1971లో చేసిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్ అంటే నాకు ప్రాణం. నా దగ్గరున్న ఎల్పీ (గ్రామఫోను రికార్డు) అరిగిపోయింది. మంచి ఆడియోఫైల్ ముద్రణ, అంటే ధ్వని నాణ్యత కోసం ప్రత్యేకంగా వేసిన రికార్డు, కొనాలని డబ్బు దాచుకున్నాను. 33 స్పీడులో (నిమిషానికి సుమారు 33 చుట్లు) ఒక్క డిస్కు తీసుకోనా, 45 స్పీడులో రెండు డిస్కుల సెట్టు తీసుకోనా అన్నది తేలడం లేదు.

నా బాధంతా మొదటి వైపు చివర వచ్చే 'మెర్సీ మెర్సీ మీ' దగ్గరే. ముల్లు లేబుల్ దగ్గరికి చేరేసరికి 'స' పలికిన ప్రతిచోటా బుస్సుమంటుంది. 33 స్పీడులో డిస్కు అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నుంచి సాగితే, లోపలికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. 45లో ఆ వేగం మూడో వంతుకు పైగా పెరుగుతుంది, అందుకే మనసు అటు లాగుతోంది.

కానీ ఆ వైపున్న ఆరు పాటలూ ఒకదాంట్లోంచి ఒకటి పారుతూ వస్తాయి. 45 సెట్టులో అవి రెండు వైపులకు విడిపోతాయి కాబట్టి మధ్యలో లేచి డిస్కు తిప్పితే ఆ ధార తెగిపోదా? నాకు అదే అన్నిటికన్నా పెద్ద భయం.

రెండూ విన్నవాళ్లున్నారా? మొదటి పాటలో జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ ఎందులో నిండుగా వినిపిస్తుంది? లేక ముందు నా ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) ముల్లు తీసేసి మైక్రోలైన్ (ఇంకా సన్నని మొన) వేస్తే పాత డిస్కులోనే ఆ బుస తగ్గుతుందా? దయచేసి మీ అనుభవం చెప్పండి.