ఆసుపత్రి మార్పుల మీద మేమూ అభిప్రాయం రాయవచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇంగ్లండు వచ్చి 4 నెలలైంది, నాకిప్పుడు అయిదో నెల. మొన్న తలుపు సందులోంచి ఒక చిన్న పుస్తకం వచ్చి పడింది. ఈ ఊరి ఆసుపత్రిలోని కాన్పుల విభాగాన్ని పక్క ఊరి పెద్దాసుపత్రిలో కలుపుతారట. రక్తపరీక్షలు, ఫిజియోథెరపీ, కట్లు మార్చడం వంటివి మాత్రం మా పేటలోని ఆరోగ్య కేంద్రానికే తెస్తారట. 12 వారాల్లో అభిప్రాయం చెప్పమన్నారు. వీసా మీద వచ్చినవాళ్లం, ఊరివాళ్ల గొడవలో తలదూర్చడం ఎందుకని మా వారంటున్నారు. రాయవచ్చా? రాస్తే ఏం రాయాలి?

—

చెల్లెమ్మా, తప్పకుండా రాయి. నేను 11 ఏళ్లు అక్కడే ఉండి నిరుడు గుంటూరు తిరిగి వచ్చాను. అభిప్రాయం చెప్పడానికి పౌరసత్వం అక్కరలేదు, వీసాకు ఏ ఇబ్బందీ రాదు. ఆ ఆసుపత్రిలో కాన్పు కావలసింది నీకు. అది ఊరివాళ్ల గొడవ ఎలా అవుతుంది? పైగా చాలా రకాల వీసాలకు పెద్దవాళ్లకైతే ఏడాదికి 1,035 పౌండ్లు ఆరోగ్య సర్‌చార్జీ ముందే కట్టించుకుంటారు.

మన దగ్గర ప్రజాభిప్రాయ సేకరణ అనగానే ఫ్యాక్టరీ కోసం వేసిన షామియానా, కలెక్టరు గారు, చుట్టూ పోలీసులు గుర్తొస్తారు. ఆసుపత్రుల విషయంలో ఆ మాట వినడమే అరుదు. విజయవాడలో పాతాసుపత్రి, కొత్తాసుపత్రుల్లో ఏ విభాగం ఎక్కడుందో ఆటో దిగాక తెలుసుకున్నవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. ఇంగ్లండులో 2022 జులై నుంచి ప్రాంతానికొక ఇంటిగ్రేటెడ్ కేర్ బోర్డు ఆసుపత్రి సేవల ఏర్పాటు చూస్తోంది. మార్పులు తలపెట్టినప్పుడు వాటిని వాడుకునే జనాన్ని కలుపుకోవాలని చట్టమే చెబుతోంది. నిర్ణయం ఖాయం కాకముందే అడగాలి, కారణాలు చెప్పాలి, తగినంత గడువివ్వాలి, వచ్చిన జవాబులను మనసుపెట్టి చూడాలి. 1985 నాటి ఒక కోర్టు కేసు నుంచి వస్తున్న సూత్రాలివి. వీటిని తప్పినవాళ్లను కోర్టుకు ఈడ్చవచ్చు.

ఇక ఏం రాయాలంటావా, 'మూయకండి' అని ఒక్క ముక్క రాస్తే అది లెక్కలో ఒక అంకెగా మిగులుతుంది. నీ ప్రయాణం రాయి. మా ఇల్లు బ్రాడీపేటలో. పటంలో చూస్తే ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌ దగ్గరే, కానీ మధ్యలో రైలు పట్టాలు. వాటిని దాటే శంకర్‌విలాస్‌ దగ్గర ఆటో ఇరుక్కుపోతే ఆ దగ్గర ఎందుకు పనికొస్తుంది? గుంటూరు వాళ్లకిది ఎవరూ చెప్పనక్కరలేదు. మీ ఊరి శంకర్‌విలాస్‌ ఎక్కడుందో ఆ బోర్డుకు నువ్వే చెప్పాలి.

నేనున్న ఊళ్లో ఇలాంటి సమావేశమే గ్రంథాలయంలో పెట్టారు. ఒక పెద్దావిడ లేచి చేతిసంచిలోంచి రెండు బస్సు టికెట్లు తీసి, నలిగిన అంచులు వేలితో సరిచేసి, బల్లమీద పరిచింది. భర్తను చూడటానికి వెళ్లిన రోజువి. ఎక్కింది 2:10కి, ఆసుపత్రి గేటు దగ్గర దిగింది 3:35కి. అప్పటిదాకా తెరమీద 22 నిమిషాల ప్రయాణమని చూపిస్తున్న అధికారి ఆ టికెట్లు చేతిలోకి తీసుకుని, తాను చెప్పింది కారులో పట్టే సమయమని ఒప్పుకున్నాడు. మా అత్తగారూ ఆ బస్సులోనే వెళ్లేవారు. నేను చివరి వరసలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

—

మాది తెనాలి. ఇక్కడ ఇంగ్లండులోనే ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. అక్క చెప్పిందంతా సరే గానీ, దూరమైందన్న ఒక్క కారణంతో వ్యతిరేకించకండి. లండన్‌లో 2010లో పక్షవాతం చికిత్సను 8 ప్రత్యేక కేంద్రాలకు చేర్చారు. అంబులెన్సు దగ్గరి ఆసుపత్రిని దాటి వెళ్లాల్సి వచ్చినా మరణాలు తగ్గాయి. కాన్పులకైనా అంతే, అనుభవమున్న డాక్టరు, పసిపిల్లల ఐసీయూ ఒకేచోట ఉండటం తల్లికి ఎంతో ధైర్యం. అలాగని కలిపిన ప్రతిదీ మంచికే అని కాదు. అదే లండన్‌లో లూయిషాం ఆసుపత్రి అత్యవసర, కాన్పుల విభాగాలను తగ్గించబోతే 2013లో జనం కోర్టుకు వెళ్లి ఆపించారు. మీరు అడగాల్సింది ఒకటుంది. పెద్దాసుపత్రిలో పడకలు, కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌లను పెంచాక మీ ఊరిది మూస్తారా, మూశాక పెంచుతారా? దీనికి రాతపూర్వకంగా జవాబు కోరండి.

—

అక్కా, తెనాలి అక్కా, చాలా కృతజ్ఞతలు. నిన్న రాత్రి దారి చూద్దామని మా వారే బయల్దేరదీశారు. పెద్దాసుపత్రికి చివరి బస్సు 10:40కే వెళ్లిపోయింది. ట్యాక్సీలో 35 నిమిషాలు పట్టింది, 42 పౌండ్లయింది. రసీదు దాచాను. కాన్పుకు అమ్మ వస్తోంది, ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాదు. మా వారికి రాత్రి డ్యూటీ ఉన్నరోజు నొప్పులొస్తే అమ్మ ఏ నంబరుకు ఫోను చేయాలి, అవతల తెలుగు తెలిసిన దుబాసీని ఎంతసేపట్లో కలుపుతారు? ప్రయాణం లెక్క కింద ఈ ప్రశ్న రాశాను. పడకల సంగతి ఆయన రాస్తున్నారు.