ఎర్రనేలలో కుంట: షీటు వేయాలా, మట్టితోనే వదిలేయాలా?

చీనీతోట
అన్నలూ, కల్యాణదుర్గం దగ్గర మాకు ఆరెకరాల ఎర్రనేల ఉంది. నాలుగెకరాల్లో చీనీ, రెండెకరాల్లో శెనక్కాయ. ఈశాన్యం మూల పల్లం. వాన పడితే నీళ్లన్నీ అటే పోయి వంకలో కలుస్తాయి. ఆ మూలలో 20 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 3 లోతుతో కుంట తవ్విద్దామనుకుంటున్నా. గట్ల వాలు పోగా నిండితే 7.4 లక్షల లీటర్లు పడతాయి. వంక నుంచి చిన్న కాలువ తీస్తే తొందరగా నిండుతుంది. ప్లాస్టిక్ షీటు నాకు ఇష్టం లేదు. కలువలు, తుంగ ఉండాలి, నాలుగు చేపలు తిరగాలి, కొంగలు వచ్చి వాలాలి. మా నాయనేమో "షీటు లేకుంటే అది కుంట కాదురా, జల్లెడ" అంటున్నాడు. చేసినవాళ్లు చెప్పండి. చేపలు ఏవి వేయాలి?

ఎర్రనేల
మీ నాయన మాట విను తమ్ముడూ. నేను నాలుగేళ్ల కింద ఇదే పని చేసినా. హిటాచి పెట్టి తవ్విస్తే లక్షా నలభై వేలు అయింది. అక్టోబరు వానలకు గట్టు దాకా నిండింది. ఆ రోజు ఇంటిల్లిపాదీ పోయి చూసొచ్చినాం. నీళ్లలో వేపకట్టె పాతి, రోజూ పొద్దున నీటి అంచు దగ్గర కొడవలితో గీత పెట్టేవాణ్ణి. గీతకూ గీతకూ మధ్య జానెడుకు కాస్త తక్కువ. పంతొమ్మిదో రోజుకు అడుగున బురద, దాని మీద కాకి అడుగులు. అంతే.
500 మైక్రాన్ షీటు వేయించు. ఎండాకాలం చీనీకి రెండు తడులు దక్కితే చెట్టు బతుకుతుంది. కలువలు తర్వాత చూసుకోవచ్చు.

నంద్యాల రోడ్డు
కట్ల, రోహు పిల్లలు తెచ్చి వదులు బ్రో. టెన్షన్ లేదు.

తూనీగ
కడప జిల్లా నుంచి రాస్తున్నా. మా పొలంలో మట్టి కుంటకు ఇది ఏడో ఏడు. ఎర్రనేల ఇంకుతుంది, నిజమే. దానికి మందు షీటు ఒక్కటే కాదు. చెరువు ఒండ్రు తోలించి అడుగునా, వాలు గట్లకూ అరడుగు మందాన పరిచి, తడిపి, ఎనుములను దించి రెండు మూడు రోజులు తొక్కించాలి. అదీ చాలకపోతే జల్లించిన మట్టి ఆరు పాళ్లు, సిమెంటు ఒక పాలు కలిపి పూత వేయొచ్చు. మీ అనంతపురం వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లే ఎర్రనేలల కుంటలకు ఈ పూత చెబుతారు.
షీటు మీద కలువ వేరు ఊనదు. పాకుడు పట్టిందంటే దిగిన గొర్రెపిల్ల పైకి ఎక్కలేదు. మనిషి పిల్లలకూ అంతే ప్రమాదం. మీరు ఏ రకం తవ్వినా చుట్టూ కంచె వేయండి, ఒక పక్క మాత్రం నడిచి ఎక్కగలిగేంత ఏటవాలుగా వదలండి.
చేపలకు తొందరపడొద్దు. మొదటి ఏడాది ఏమీ వేయకండి. కప్పలు, తూనీగలు వాటంతట అవే వస్తాయి. రెండో ఏట పరిగెలు, నెత్తిన తెల్ల చుక్క మెరిసే పంచాక్స్ తెచ్చుకోండి. గంబూసియా మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. 1928లో దోమల కోసమని మన దేశానికి తెచ్చిన చేప అది. దోమపిల్లలతో ఆగదు, కప్ప గుడ్లనూ మన చేపల పిల్లలనూ తింటుంది. మా ఊరి దిగుడుబావిలో ఒక ఆఫీసు వాళ్లు వదిలిపోయారు. మరుసటి వానాకాలం ఆ బావిలో ఒక్క కప్ప అరిస్తే ఒట్టు.

ఎర్రనేల
దోమలొస్తే ఎట్ల సార్? మా పాపకు డెంగీ వచ్చి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. కప్పల కోసం పిల్లలను పణం పెట్టమంటారా? గంబూసియా వేస్తే తప్పేంది?

తూనీగ
పాప కోలుకుంది కదా, సంతోషం. కానీ డెంగీ దోమ ఎక్కువగా గుడ్లు పెట్టేది ఇంటి చుట్టూ ఉన్న డ్రమ్ములు, టైర్లు, కూలర్లలో. చేపలూ తూనీగ పిల్లలూ ఉన్న కుంటలో దోమపిల్ల బతకడం కష్టం. గంబూసియా చేసే పని పంచాక్స్ కూడా చేస్తుంది.

ఎర్రనేల
పంచాక్స్ యాడ దొరుకుతుంది? అంగట్లో అమ్ముతారా? ఉన్నదాన్ని వద్దంటారు, లేనిదాన్ని తెమ్మంటారు.

తూనీగ
పాత చెరువుల్లో గడ్డి అంచున వల వేస్తే దొరుకుతుంది. నేనే తెచ్చుకున్నా.

గుత్తి మిత్రుడు
మూడు రోజులుగా గంబూసియానేనా? తమ్ముడు అడిగింది కుంట గురించి.

మత్స్యశాఖ రిటైర్డ్
చేపల సంగతి చెబుతా. 400 చదరపు మీటర్లంటే పది సెంట్లు. హెక్టారుకు 5,000 నుంచి 10,000 పిల్లలన్న లెక్కన నీ కుంటకు 200 నుంచి 400. కానీ ఏడెనిమిది నెలలు నిలకడగా మీటరు, మీటరున్నర నీళ్లు ఉండాలి. అది లేకుండా కట్ల వేస్తే మార్చిలో తెల్లారుజామున చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. గాలి అందక. ఆ దృశ్యం చూసినవాడు మళ్లీ తొందరపడడు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ జోలికి పోవద్దు, దేశంలోనే నిషేధం. కొరమీను వేస్తే పరిగెలు మిగలవు.

ఎర్రనేల
అదే నేననేది. నీళ్లు నిలవాలంటే షీటే. ఏప్రిల్, మే నెలల్లో రోజుకు 7, 8 మిల్లీమీటర్లు ఆవిరి అనుకున్నా, నిండు కుంట మీద 3,000 లీటర్లు పోతాయి. దానికి తోడు ఇంకుడు కూడానా? తూనీగ సార్‌కు జీతం వస్తుందేమో, కుంట పూలతోట లాంటిది. మాకు అది బతుకు.

తూనీగ
నాకు జీతం లేదు. మూడెకరాల శెనక్కాయ రైతును. తెలియకుండా మాట అనకండి. ఇంకిన నీరు యాడికి పోతుంది? మీ బోరుకే కదా. ఎండిపోయిందని ఎందుకంటారు, కిందికి దిగిందని అనండి.

ఎర్రనేల
నా బోరుకు కాదు సార్! అదే నా కడుపుమంట. నా కుంట ఎండిన నెలకు పక్క చేను బోరు, రెండేళ్లుగా దుమ్ము పోస్తున్నది, నీళ్లు పోసింది. నాది అట్లే ఉంది. లక్షా నలభై వేలు నావి, నీళ్లు వాళ్లవి. కనీసం కృతజ్ఞతకైనా ఒక తడి ఇవ్వమంటే, భూమిలో నీళ్లకు పేరు రాసుంటుందా అని అడిగినారు. అందుకే షీటు అంటున్నా. నా చేలో పడిన వాన నా చేలోనే ఉండాలి.

కిందిచేను
ఇన్ని రోజులూ చదువుతున్నా, ఇప్పుడు చెప్పాలనిపించింది. నేను వంక కిందివాణ్ణి. మీది కాదు, వేరే ఊరు. మా నాయన కాలంలో మా చిన్న చెరువు మూడేళ్లకొకసారైనా అలుగు పారేది. పైన ఒక్కొక్కరే వంకలోంచి కాలువలు తీసి కుంటలు నింపుకున్నారు. షీటు వేసినోళ్లు, వేయనోళ్లు, అందరూ మంచోళ్లే. మాకు మాత్రం చెరువులో ముళ్లకంప మిగిలింది. షీటా మట్టా, కట్లా కప్పా అని ఇంత మాట్లాడినారు, కింద ఎవరున్నారని ఒక్కరూ అడగలేదు. వంక సర్కారుది, ఇష్టమొచ్చినట్టు దాంట్లో కాలువ తీసే హక్కు ఎవరికీ లేదు.

ఎర్రనేల
వంకలో నేను కాలువ తీయలేదు.

కిందిచేను
మిమ్మల్ని అనలేదన్నా. చీనీతోట తమ్ముడు మొదట్లోనే రాసినాడు, చదవండి.

తూనీగ
నేనూ చూడలేదు. ఏడేళ్లుగా నా కుంటలోకి వచ్చేది నా చేను నీరేనా అని ఎప్పుడూ ఆలోచించలేదు, రేపు కొలుస్తాను. మా జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, దోషాలు ఆరు అని రాయించారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం ఆ దోషాల్లోవే. ఆ మూడోదాన్ని ఇన్నాళ్లూ రాజుల కాలం మాట అనుకున్నా.

చీనీతోట
తప్పు నాదే. వంక పారితే వృథాగా పోతుందని అనుకుంటూ పెరిగినా. రాత్రి కూర్చుని లెక్క వేసినా. ఆరెకరాల మీద 40 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 15 శాతం పారితే లక్షా 45 వేల లీటర్లు. అట్లాంటివి ఐదు పడితే కుంట నిండుతుంది. మా జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల లెక్కన చూస్తే మంచి ఏడాది నిండుతుంది, చెడ్డ ఏడాది సగం. చాలు. వంక కాలువ తీయను. నీళ్లు వచ్చే దారిలో మట్టి ఆగడానికి చిన్న గుంత, నిండినాక మిగిలింది వంకలోకే పోయేలా అలుగు పెడతా. అడుగున సగానికి ఒండ్రు తొక్కిస్తా, సగం ఇంకనిస్తా. చేపలు ఈ ఏడు వద్దు. నాయన ఇంకా ఒప్పుకోలేదు.

ఎర్రనేల
సగం ఇంకితే పక్కోని బోరుకే పోతుంది తమ్ముడూ. నా మాట గుర్తుంటుంది నీకు.

చీనీతోట
పక్క చేను మా చిన్నాయనది అన్నా. ముందు ఆయనతో మాట్లాడతా.

కిందిచేను
అలుగు ఎంత ఎత్తున పెడుతున్నావు? గట్టు కన్నా రెండు అడుగులు కిందికి ఉండాలి, రాళ్లు పేర్చు. లేకుంటే మొదటి పెద్ద వానకే గట్టు తెగి మట్టంతా మాలాంటోళ్ల చేలల్లో పడుతుంది.