ఎడమ మూల నలిగిన కారు: బాగుచేయించుకోవాలా, వదులుకోవాలా?

ఎడమదీపం:
మూడు వారాల కిందట, అడ్డంగా వచ్చిన వాహనాన్ని తప్పించబోయినప్పుడు మా కారు ఎడమ ముందు మూల సిమెంటు దిమ్మెకు గుద్దుకుంది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బలు తగలలేదు. బండి వయసు 6 ఏళ్లు, తిరిగింది 70,000 కిలోమీటర్ల లోపే, అప్పు తీరిపోయింది. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది, రేడియేటరు పగిలింది, బానెట్ మడతపడింది, ఎడమ ముందు చక్రం వెనక్కి జరిగి ఫెండర్ లోపలి అంచుకు రాసుకుంటోంది. షెడ్డువారు పైపైన చూసి ఇచ్చిన ఎస్టిమేటు, ప్రమాదానికి ముందు బండికి ఉన్న విలువలో 55 శాతం ఉంది. బీమా సంస్థ రెండు దారులు చూపింది: మరమ్మతు ఖర్చు తాను భరించడం, లేదా నాకు ఒక మొత్తం చెల్లించి బండిని తానే తీసుకుపోవడం. గుణదోషాలు తెలిసిన బండిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. ఒకసారి గుద్దుకున్న బండిలో పిల్లలను కూర్చోబెట్టలేనని మావారు అంటున్నారు. మరమ్మతుల అనుభవం ఉన్నవారు కారణాలతో సహా అభిప్రాయం చెప్పగలరు.

పాతబండి:
ఉంచుకోండి. మీరు చెప్పిన నష్టంలో బానెట్, బంపరు, ఫెండర్, హెడ్‌లైటు, రేడియేటరు అన్నీ బోల్టులతో బిగించేవే. విప్పి కొత్తవి బిగిస్తే సరిపోతుంది. బీమా సొమ్ముతో మీరు కొనగలిగేది బహుశా ఇదే వయసున్న మరో వాడిన కారు. దాన్ని ఎవరు ఎలా నడిపారో, ఎన్నిసార్లు ఎక్కడ గుద్దారో, ఇంజనాయిలు సమయానికి మార్చారో లేదో మీకు తెలియదు. మీ కారు విషయంలో మాత్రం అది పడిన దెబ్బ ఏ రోజున, ఏ మూలకు, ఎంత వేగంలో తగిలిందో మీకు స్పష్టంగా తెలుసు. తెలిసిన లోపాన్ని బాగుచేయించుకోవడం తెలియని లోపాన్ని కొనుక్కోవడం కన్నా మేలని నేను నమ్ముతాను. నా కారు కూడా ముందుభాగం దెబ్బతిన్న తరువాత తొమ్మిదేళ్లు నన్ను మోసింది.

లెక్కలపద్దు:
పాతబండి గారి అనుభవాన్ని కాదనను గానీ, ఆ 55 శాతాన్ని ఎవరూ నమ్మవద్దని మనవి. అది విప్పకముందు వేసిన అంచనా. బంపరు తీశాక దాని వెనుక ఉన్న అడ్డ కమ్మీ, ఏసీ కండెన్సరు, ఇంజన్ మౌంటు, వైరింగు బయటపడతాయి. రెండో ఎస్టిమేటు మొదటిదానికన్నా తగ్గడం నేను ఇంతవరకు చూడలేదు. ఒక స్థాయి దాటితే బీమా సంస్థే టోటల్ లాస్ అని, అంటే మరమ్మతు గిట్టుబాటు కాదు, బండి మొత్తం పోయినట్టేనని నిర్ణయిస్తుంది, అప్పుడు ఈ చర్చ అవసరమే ఉండదు.

ఇంకొక మాట. మరమ్మతు ఖర్చును బండి విలువతో పోల్చడం బీమా సంస్థ చేసుకోవలసిన లెక్క, మీది కాదు. ఖర్చు వారు భరిస్తున్నప్పుడు మీరు పక్కపక్కన పెట్టి చూడవలసినవి వేరు: ఒక పక్క వారు ఇవ్వజూపిన సొమ్ము, ఆ సొమ్ముకు దొరికే బండి, మరో పక్క మరమ్మతు పూర్తయిన మీ బండి, ప్రమాద చరిత్ర వల్ల తగ్గిపోయిన దాని అమ్మకపు విలువ, మీ చేతి నుంచి పోయే వాటా. రెండేళ్లలో అమ్మే ఆలోచన ఉంటే ఆ తగ్గుదల మీకు గట్టిగానే తగులుతుంది. పూర్తిగా అరిగేదాకా నడుపుకొనేవారికి అది కాగితం మీది నష్టమే. నిరుడు మార్చిన టైర్లను, మొన్న వేయించిన బ్యాటరీని తలచుకొని మాత్రం నిర్ణయం తీసుకోకండి. ఆ డబ్బు ఏ దారిలోనూ తిరిగి రాదు.

టింకరు:
ఇరవై ఏళ్లకు పైగా బాడీ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. పై ఇద్దరూ బండి విలువ గురించి, దాని చరిత్ర గురించి మాట్లాడారు కానీ, చక్రం వెనక్కి జరిగిందన్న వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. నాకు మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైనది అదే.

ఇప్పటి కార్లలో చాలావాటికి కింద విడిగా చాసిస్ ఉండదు. నేల, స్తంభాలు, పైకప్పు, ఇంజన్‌కు రెండు పక్కల ముందుకు చాచుకొని ఉండే పెట్టె ఆకారపు కమ్మీలు, అన్నీ వెల్డు చుక్కలతో కలిసి ఒకే గూడుగా ఉంటాయి. గుద్దుకున్నప్పుడు ఆ ముందు కమ్మీలు మడతలు పడుతూ వేగాన్ని తమలోకి తీసుకొని, మనుషులు కూర్చున్న గదిని కాపాడాలి. బెలా బరేనీ అనే ఇంజనీరు ఈ ఆలోచనకు పేటెంటు పొందగా, మెర్సిడెస్ 1959లో దాన్ని అమ్మకపు బండ్లలోకి తెచ్చింది. కమ్మీ ఎక్కడ, ఎలా మడతపడాలో ముందే లెక్కగట్టి చేస్తారు కాబట్టి, ఒకసారి మడతపడినదాన్ని లాగి సాపు చేస్తే చూపుకు తిన్నగానే ఉంటుంది కానీ, రెండోసారి అది అనుకున్న చోట మడతపడుతుందన్న భరోసా ఉండదు. గది చుట్టూ ఉండే కొన్ని స్తంభాలు వేడిమీద అచ్చువేసి గట్టిపరచిన ఉక్కు. వాటిని మళ్లీ కాల్చి సరిచేయాలని చూస్తే ఆ గట్టిదనమే పోతుంది. వాటిని మార్చాలి తప్ప లాగకూడదు.

అందువల్ల మీ బండిలో చక్రం జరగడానికి కారణం ఏమిటో ముందు తేలాలి. చక్రాన్ని గూడుకు కలిపే కింది ఆర్మ్ వంగడం వల్ల జరిగి ఉంటే అది బోల్టుల పని, ఒక పూటలో అయిపోతుంది. ఆర్మ్ బిగించిన చోటు గానీ, సస్పెన్షన్ పైభాగం కూర్చునే గుండ్రని బురుజు గానీ కదిలి ఉంటే అది గూడు పని. బానెట్ ఎత్తి ఆ బురుజు చుట్టూ టార్చిలైటు వేసి నిదానంగా చూడండి. రెండు రేకులు కలిసేచోట పూసిన సీలెంటు వెంట్రుకవాసి చీలినా, వెల్డు చుక్కల పక్కన పెయింటు పెచ్చులు లేచినా, కుడివైపు లేని అల ఎడమ రేకులో కనిపించినా లోహం కదిలిందనే అర్థం. కంటిచూపుతో తేలనిది బెంచీ మీద, అంటే బండిని బిగించి గూడును కొలిచే చట్రం మీద, కొలతతో తేలుతుంది. తయారీదారు ఇచ్చిన బిందువులతో పోల్చి తేడాను మిల్లీమీటర్లలో అచ్చువేసి ఇస్తారు. సాధారణంగా 3 మిల్లీమీటర్ల వరకు తేడాను అనుమతిస్తారు. ఆ కాగితం చేతికి రాకముందు ఉంచుకోమని గానీ వదులుకోమని గానీ చెప్పడం నా దృష్టిలో జోస్యమే.

రెండోచూపు:
టింకరు గారి వంటి పనివారు అన్ని షెడ్లలో ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. మరమ్మతులో బాగా చేసినదీ చెడగొట్టినదీ పెయింటు కింద ఒకేలా కనిపిస్తాయి. అమెరికాలోని టెక్సాస్‌లో 2017లో తీర్పు వెలువడిన ఒక కేసు చూడండి. 2010 మోడల్ హోండా ఫిట్ పైకప్పును మార్చిన షెడ్డు, తయారీదారు చెప్పినట్టు వెల్డు చేయకుండా జిగురుతో అతికించింది. తరువాత జరిగిన ప్రమాదంలో ఆ బండిలోని దంపతులు తీవ్రంగా గాయపడ్డారు; ఆ షెడ్డు 3 కోట్ల 15 లక్షల డాలర్లకు బాధ్యత వహించాలని జ్యూరీ తేల్చింది. ఎయిర్‌బ్యాగ్ సంగతి కూడా తేలిక కాదు. ప్రమాదం తరువాత ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే చవకరకం ఇన్‌ఫ్లేటర్లు అమర్చిన బండ్లలో అవి పేలి లోహపు ముక్కలు చిమ్మి ముగ్గురు చనిపోయారని 2024లో అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది.

నా సొంత అనుభవం చిన్నదే. మరమ్మతు చేయించిన నా కారులో ఆరు నెలల తరువాత ఎడమ టైరు లోపలి అంచు మాత్రమే దారాలు బయటపడేదాకా అరిగింది, వానాకాలంలో కాళ్లకింది తివాచీ కింద నీళ్లు నిలిచాయి. రెండుసార్లు అలైన్‌మెంటు చేయించినా స్టీరింగు తిన్నగా నిలవలేదు. మీవారి భయాన్ని మనసులోని బెరుకుగా కొట్టిపారేయవద్దు.

పాతబండి:
రెండోచూపు గారు చెప్పిన టెక్సాస్ కేసునే నేనూ ఉదాహరణగా చూపుతాను. ఆ దంపతులు బండిని బాగుచేయించుకున్నవారు కారు. మునుపటి యజమాని చేయించిన మరమ్మతు గురించి తెలియకుండా దాన్ని వాడిన బండిగా కొనుక్కున్నవారు. బీమా సొమ్ముతో సంతకు వెళితే ఎడమదీపం గారు నిలబడేది సరిగ్గా వారి స్థానంలోనే.

లెక్కలపద్దు:
ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే కొనేముందు బండిని లిఫ్టు మీద ఎత్తి చూపించుకోవచ్చు, పెయింటు మందం కొలిపించవచ్చు. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 200 మైక్రాన్ల లోపే ఉంటుంది. పుట్టీ పెట్టిన చోట అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది.

టింకరు:
ఆ పరికరం పుట్టీని పట్టుకుంటుంది, వెల్డును కాదు. రెండోచూపు గారి టైరు అరగడానికి కారణం కూడా గూడు కదిలి ఉండగా అలైన్‌మెంటుతో సర్దాలని చూడడమే అయి ఉంటుంది. ఎడమదీపం గారూ, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంది కనుక అది ఒక్కటే మారిస్తే చాలదు. సీటుబెల్టును క్షణంలో బిగించే ప్రిటెన్షనరు కూడా పేలి ఉంటే దానికి అదే ఆఖరి పని. సెన్సర్లను, కంట్రోలు యూనిట్‌ను తయారీదారు చెప్పిన ప్రకారం పరీక్షించాలి లేదా మార్చాలి. బంపరు వెనుక రాడారు ఉన్న బండి అయితే దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. ఎస్టిమేటులో ఇవి లేకపోతే అది సగం ఎస్టిమేటు.

ఎడమదీపం:
అందరికీ కృతజ్ఞతలు. బండిని బెంచీ మీద కొలిపించాను. ఎడమ ముందు కమ్మీ కొస 9 మిల్లీమీటర్లు వెనక్కి, 4 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. సస్పెన్షన్ బురుజు దగ్గర తేడా 1 మిల్లీమీటరు మాత్రమే. చక్రం జరగడానికి కారణం కింది ఆర్మ్ వంగడమేనని తేలింది. కమ్మీ ముందు ముక్కను లాగకుండా, తయారీదారు మాన్యువల్ చూపిన చోట కోసి కొత్తది వెల్డు చేస్తామని షెడ్డువారు రాసి ఇచ్చారు. ప్రిటెన్షనర్లు, కంట్రోలు యూనిట్ కలిపాక ఎస్టిమేటు 68 శాతానికి చేరింది. బీమా సంస్థ ఇంకా మరమ్మతుకే ఒప్పుకుంటోంది. బురుజు కదిలి ఉంటే వదులుకునేదాన్నే. మావారు ఆ కొలతల కాగితాన్ని రెండుసార్లు చదివి, బండి సంగతి సరేగానీ ప్రమాదంలో ఉన్న పిల్లల సీట్లు రెండూ మార్చాల్సిందేనన్నారు. నేనూ ఒప్పుకున్నాను. సోమవారం పని మొదలవుతుంది.

రెండోచూపు:
నేనైతే ఇప్పటికీ వదులుకునేవాడినే. ఉంచుకుంటున్నారు కనుక ఒక్క పని చేయండి: కమ్మీకి వెల్డింగు పూర్తయి, లోపల తుప్పు పట్టకుండా వేసే మైనం పూత ఎక్కిన రోజున షెడ్డుకు వెళ్లి, ఫెండర్ బిగించకముందే మీ చేత్తో ఫొటోలు తీసుకోండి. పని పూర్తయ్యాక మళ్లీ బెంచీ కొలతలు అచ్చువేయించి రెండు కాగితాలనూ బండి పత్రాలతో పాటు దాచండి.