అప్‌డేట్: భిన్నాలున్న సమీకరణాల్లో జవాబు తప్పు రావడం – కారణం దొరికింది

ఎనిమిదో తరగతి చదివే మా పాపకు భిన్నాలున్న సమీకరణాల్లో జవాబు కుదరడం లేదని తిరుపతి నుంచి అడిగాను కదా, ఇప్పుడు కుదురుతోంది. బ్రాకెట్లు పెట్టించమని, కుడివైపునూ గుణించమని, భిన్నాలను దశాంశాలుగా మార్చమని, పుస్తకంలోనే అచ్చుతప్పేమోనని రకరకాలుగా సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

లెక్క ఇదీ: (ఎక్స్ − 1)/3 − (ఎక్స్ − 2)/4 = 1. పాపకు 22 వచ్చేది, పుస్తకంలో 10. మా వీధిలోనే ఉంటూ ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివే అమ్మాయి నోట్సు తిరగేసి, నేరుగా ఒక లైను మీద వేలు పెట్టింది. హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) 12తో గుణించడం సరిగ్గానే ఉంది, ఆ తర్వాత బ్రాకెట్లు లేవు. గీత పైన ఉన్నదంతా ఒకే మూట; ముందు మైనస్ ఉంటే లోపలి రెండు పదాలకూ తగలాలి. 4(ఎక్స్ − 1) − 3(ఎక్స్ − 2) = 12 అని రాస్తే −3, −2ల లబ్ధం +6. పాప అక్కడ −6 వేస్తోంది.

కాబట్టి "ముందు బ్రాకెట్లు పెట్టించండి" అన్నవారి మాటే నిజమైంది. కుడివైపు 1నీ 12తో గుణించాలన్నది మంచి హెచ్చరికే, కానీ పాప అది చేస్తూనే ఉంది. దశాంశాలు మాత్రం వద్దు, 1/3 ఎక్కడా ముగియదు. పుస్తకంలో అచ్చుతప్పూ లేదు.

హారంలోనే ఎక్స్ ఉంటే ఇంకా జాగ్రత్త. ఎక్స్/(ఎక్స్ − 3) = 2 + 3/(ఎక్స్ − 3) సాధిస్తే 3 వస్తుంది, కానీ 3 పెడితే హారం సున్నా అవుతుంది. అంటే దానికి సాధనే లేదు. అందుకే వచ్చిన జవాబును మొదటి సమీకరణంలోనే పెట్టి చూడాలి. మా లెక్కలో 10 పెడితే 3 − 2 = 1, సరిపోయింది.