ఈ వారం సమస్య: కోడి గెల్చె నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు: సంక్రాంతి పండగ దగ్గరపడింది కాబట్టి తేలికైన సమస్యే. ఇచ్చిన చివరి పాదానికి అర్థం కుదిరేలా మొదటి మూడు పాదాలూ మీరు రాయాలి. ఆటవెలది నాలుగో పాదం:

*కోడి గెల్చె నిల్లు కూలిపోయె*

అయిదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), యతి (మొదటి గణం, నాలుగో గణం మొదటి అక్షరాల పొత్తు) కో–కూ. కోడి గెలిస్తే ఇల్లెందుకు కూలాలి? అదే మీరు చెప్పాలి. బరి దగ్గరే ఆగిపోకండి.

భీమవరం బుల్లోడు: బరి దగ్గరే ఆగుతానండీ, మా ఊరు అలాంటిది.

బరిని కాకి మీద పందెమ్ముఁ గాసెను
పైరు మీది యప్పు పట్టుకొచ్చి;
డేగ కత్తి విసిరె ఢీకొన్న యంతలో
కోడి గెల్చె నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు: బావుంది. గెలిచిన కోడి వేరు, కాసిన కోడి వేరు. సమస్య అక్కడే విడిపోయింది. కాకి అంటే నల్ల పుంజని, డేగ అంటే ఎర్ర పుంజని తెలియనివాళ్లు పక్షుల యుద్ధం అనుకుంటారేమో! రెండు మాటలు: "పట్టుకొచ్చి" వ్యావహారికం, సరదా పద్యం కాబట్టి వదిలేస్తున్నాను. "కాసెను" అన్నారు గానీ కాసిందెవరో చెప్పలేదు.

కోనసీమ కొబ్బరాకు: ఇంకొకటి. కాలికి కట్టిన కత్తిని పుంజు విసరదండీ, ఎగిరి దెబ్బ వేస్తుంది. "డేగ దెబ్బ వేసె ఢీకొన్న యంతలో" అంటే గణాలూ సరిపోతాయి, బరి చూసినవాడు రాసినట్టూ ఉంటుంది.

భీమవరం బుల్లోడు: అలాగే మారుస్తున్నాను. మీరు కూడా బరి చూసినవారే అన్నమాట. 1974 గేమింగ్ చట్టం, 1960 జంతుహింస చట్టం రెండూ ఉన్నాయి, జాగ్రత్త!

పలనాటి పడుచు: ఇల్లంటే తాటాకుదో పెంకుదో కానక్కర్లేదు కదా. రాజవంశం కూడా ఇల్లే.

నాగమాంబ డేగ నాయుని మల్లుతో
పోరె; నడవిదారిఁ బోయె రాజు;
కదనమాయెఁ బిదపఁ గార్యమపూడిలో
కోడి గెల్చె నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు: శభాష్! పలనాటి యుద్ధ కథ ఇది: నాయకురాలు నాగమ్మ పుంజు శివంగి డేగ, మలిదేవుడి మంత్రి బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. పందెం ఓడిన మాచెర్ల రాజు మలిదేవుడి పక్షం మాచెర్ల విడిచి ఏడేళ్లు వెళ్లాల్సి వచ్చింది. గడువు తీరాక నాగమ్మ పక్షం రాజ్యం తిరిగివ్వకపోవడంతో నాగులేటి ఒడ్డున కార్యమపూడిలో (ఇప్పటి కారంపూడి) యుద్ధం. ఇంత కథని మూడు పాదాల్లో ఇరికించారు, పైగా గణాలు నింపడానికి వేసిన పూరక పదం ఒక్కటీ లేదు. కూలింది ఒక్క ఇల్లే కాదు, గెలిచిన వైపు ఇల్లు కూడా నిలబడలేదు. సమస్యకి ఇంతకంటే బరువైన అర్థం నాకైతే తట్టలేదు.

భీమవరం బుల్లోడు: ఇందులో సంక్రాంతి ఎక్కడుంది? కారంపూడిలో వీరుల ఉత్సవం కార్తీకంలో కదా.

పలనాటి పడుచు: సమస్యలో మాత్రం ఉందా?

కొత్త కలం: మొదటి ప్రయత్నం. తప్పులు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కొత్త యల్లుఁ డడిగెఁ గోడికూరను నేఁడు;
తరిమె మామ పుంజుఁ దాటియింట;
నిట్టరాడు విరిగె; నెగిరిపోయె నదియు
కోడి గెల్చె నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు: పుంజు తప్పించుకుని గెలిచింది, నిట్టరాడు (నడిమి గుంజ) విరిగి మామగారి పాక నేలమట్టం. బాగా నవ్వుకున్నాం. తప్పు ఒక్కటే, మూడో పాదం యతి. "విరిగెను + ఎగిరి" కలిసి "విరిగె నెగిరి" అయింది. అక్కడ యతికి చూడాల్సింది "ఎ" అనే అచ్చుని. మొదట్లో ఉన్నదేమో "ని". కుదరదు. "నిట్టరాడు విరిగి నేలపైఁ బడెనయ్య" అనండి, "నేల"లో నకారం సొంతం కాబట్టి చెల్లుతుంది. ఇంకొక మాట: భోగినాడూ పెద్దపండగ నాడూ చాలా ఇళ్లలో నీచు ఉండదు, కోడికూర అడిగేది కనుమ నాడు. మొదటి పాదం "కనుమ నల్లుఁ డడిగెఁ గమ్మని కోడిని" అంటే రోజు కూడా తెలుస్తుంది.

కొత్త కలం: "నేఁడు" నింపడానికే వేశానండీ. దొరికిపోయాను.

ముగ్గుగిన్నె: మగవాళ్లందరూ పుంజుల చుట్టూనే తిరుగుతున్నారు. వాకిట్లోకి రండి.

అత్త కోడిఁ దీర్చె. నా కోడ లిలు దీర్చె
వాకిటందు; లేఁగ వచ్చి తొక్కె;
సగము చెరిగె ముగ్గు, చక్కని తీర్పిదే
కోడి గెల్చె నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు: అత్తాకోడళ్ల పోటీకి తీర్పరి లేగదూడ! కనుమ పశువుల పండగే కాబట్టి దాన్నెవరూ అదిలించలేరు కూడా. "వాకిట" అంటే చాలు, "అందు" అదనం. "వాకిట నొక లేఁగ వచ్చి తొక్కె" అనండి.

పలనాటి పడుచు: తీర్పు అత్తగారి వైపే వచ్చిందేమిటి?

ముగ్గుగిన్నె: రాసింది అత్తగారు మరి.

రేగుపండు: నాకు మొదటినించీ ఒక అభ్యంతరం. సంక్రాంతి అనగానే కోడిపందెమే గుర్తు రావాలా? సూర్యుడు మకరంలోకి వచ్చే రోజు, కొత్త బియ్యంతో పరమాన్నం, అరిసెలు, గొబ్బెమ్మలు, తలమీద అక్షయపాత్రతో హరిదాసు, పిల్లల నెత్తిన రేగుపళ్లు పోసే భోగి సాయంత్రం... ఇవన్నీ పక్కకి పోయాయి. కత్తి కట్టని కోడితో పూరించాను:

భోగి వేళ మంట పొలిమేర వెల్గింప
చీకటింటఁ జలికి సిగ్గుపుట్టె;
తూర్పు తెల్లవాఱఁ దొలికూఁత కూసి యా
కోడి గెల్చె నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు: చలికి చీకటే ఇల్లు, కోడికి కూతే ఆయుధం. ఊహ చాలా బావుంది. రెండో పాదంలో చలిని సిగ్గుపడేలా చేసి వదిలేశారు, పారిపోయినట్టు చెబితే ఇల్లు కూలడానికి ఇంకా బలం వచ్చేది. మూడో పాదం చివర "యా" పెట్టి సమస్యని అందుకున్న తీరు కొత్త కలం గారు గమనించాలి. 

భీమవరం బుల్లోడు: పండగ మూడు రోజులూ బరి నడుస్తుంది కాబట్టి మా పద్యానికే ఓటు.

నిర్వాహకుడు: ఓట్లు లేవు. నా మెప్పు పలనాటి పద్యానికి, నా నవ్వు లేగదూడకి. వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

*గంగిరెద్దు పాడెఁ గమ్మగాను*

ముగ్గుగిన్నె: మరి సన్నాయి ఎవరు ఊదాలండీ?