బైలాలోని ‘షల్’ తప్పనిసరా, కాదా?

మియాపూర్ ఫ్లాట్ యజమాని:
మా అపార్ట్‌మెంట్ సంఘం బైలాలు ఆంగ్లంలో ఉన్నాయి. సర్వసభ్య సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు ‘షల్ బీ గివెన్’ అని వాటిలో ఉండగా, కమిటీ 12 రోజుల వ్యవధిలోనే సమావేశం జరిపి మెయింటెనెన్స్ పెంచింది. ‘షల్’ అంటే ఇచ్చి తీరవలెననే కదా! తీర్మానం చెల్లదని నా వాదన.

నల్లకుంట న్యాయవాది:
ఆ ఒక్క మాటను పట్టుకొని అలా అనలేము. ఉద్యోగులపై క్రమశిక్షణ చర్యల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను సంప్రదించాలని రాజ్యాంగం 320వ అధికరణం ‘షల్’తోనే చెబుతున్నా, సంప్రదించనంత మాత్రాన చర్య రద్దు కాదని 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సివిల్ దావాలో ప్రతివాది తన జవాబు దాఖలు చేయడానికి 90 రోజులు దాటరాదన్న నిబంధననూ 2005లో కైలాష్ కేసులో కోర్టు సడలించదగినదిగానే చూసింది. వాణిజ్య వివాదాలలో మాత్రం 120 రోజులు దాటితే జవాబిచ్చే హక్కే పోతుందని 2015 నాటి చట్టం స్పష్టంగా రాసినందున, ఆ గడువు తప్పనిసరి అని 2019లో అదే కోర్టు చెప్పింది. తేడా ‘షల్’లో లేదు, ఉల్లంఘిస్తే ఏమవుతుందో రాశారా లేదా అన్నదానిలో ఉంది.

మియాపూర్ ఫ్లాట్ యజమాని:
అయితే కోర్టు గడప తొక్కితే గాని అర్థం తేలని మాటను మా వంటివారి బైలాలలో ఎందుకు పెట్టినట్టు? ఇది కమిటీలకు దొరికిన సాకుగానే కనిపిస్తోంది.

తార్నాక ఉపాధ్యాయిని:
ఆ విసుగు న్యాయమైనదే. ప్రతి రాష్ట్రానికీ గవర్నరు ఉంటారని చెప్పే 153వ అధికరణంలోనూ ‘షల్’ ఉంది. అక్కడ అది ఎవరినీ ఆజ్ఞాపించదు, పదవిని ఏర్పరుస్తుందంతే. ఇన్ని పనులు చేస్తుంది కాబట్టే దక్షిణాఫ్రికా తన 1996 రాజ్యాంగంలో విధులను ‘మస్ట్’తో రాసుకుంది, అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాలు 2007లో ‘షల్’ను వదిలేశాయి. మీరూ బైలాను సవరించుకోండి.

నల్లకుంట న్యాయవాది:
‘మస్ట్’ రాసినా ఫలితం రాయకపోతే పేచీ తీరదండీ. మియాపూర్ మిత్రులు గెలిచే అవకాశం లేకపోలేదు, ఎందుకంటే నోటీసు గడువు సభ్యులు హాజరై ఓటు వేసే హక్కును కాపాడటానికే ఉంది. నోటీసు ఆలస్యం వల్ల రాలేకపోయిన యజమానులెవరో, వారి ఓట్లతో ఫలితం మారేదా అన్నది ముందు తేల్చుకోండి.

మియాపూర్ ఫ్లాట్ యజమాని:
ఊళ్లో లేనివారు చాలామందే ఉన్నారు. హాజరు పట్టిక నకలు ఇమ్మని కార్యదర్శికి రేపే లిఖితపూర్వకంగా రాస్తాను.